మీట నొక్కని కాలము

శుక్రవారము సాయంకాలము మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఏ సాఫ్ట్‌వేర్ కార్యాలయమునకు పోయి చూచినను, ఇంటికి బయలుదేరబోవు ప్రోగ్రామరు కుర్చీలోనుండి సగము లేచి, టైమ్‌షీటు తెఱచి, సోమవారము మొదలు శుక్రవారము వఱకు గల ఐదు గళ్ళలో ఐదు ఎనిమిదులు నింపి, సబ్మిట్ నొక్కి, సంచి భుజమున వేసికొని పోవుట కనబడును. ఆ ఎనిమిదులు అసత్యములని చెప్పుటకు వీలులేదు. సత్యములని చెప్పుటకు అంతకంటెను వీలులేదు. అవి కొలిచి వ్రాసిన అంకెలు కావు, ఒప్పందము ననుసరించి వ్రాయవలసిన అంకెలు. ఎచ్చటనో అమెరికాలోని క్లయింటునకు ఆ గంటలను బట్టియే బిల్లు పోవును గనుక, మంగళవారము సగము మీటింగులతో గడచెననియు, బుధవారము ఒక పూట టెస్టు సర్వరు పడిపోయి చేతులు ముడుచుకొని కూర్చుండవలసి వచ్చెననియు, గురువారము రాత్రి పదకొండింటి కాల్ ఏ గడిలోను చేరలేదనియు ఆ టైమ్‌షీటు చెప్పదు.

అట్టి ప్రోగ్రామరే తన సొంత లాప్‌టాప్‌లో, వీఎస్ కోడ్‌కో విమ్‌కో జెట్‌బ్రెయిన్స్ ఎడిటరుకో ఒక చిన్న ప్లగిన్ తగిలించుకొని, ఆదివారమంతయు పని చేసితినని నమ్మి పండుకొనబోవుచు, ఆ ప్లగిన్ చూపిన లెక్క మూడు గంటల చిల్లరకు మించకుండుట చూచి ఖిన్నుడగుటయు కలదు. మిగిలిన గంటలు ఎచ్చటికి పోయినవి? వ్యర్థమయ్యెనా, లేక లెక్కకు అందని పనిగా గడచెనా? ఎడిటరులో అమర్చు ఈ కాలమాపకములను గూర్చిన వాదములన్నియు, ఎంత దూరము తిరిగినను, ఈ ప్రశ్న యొద్దకే వచ్చి నిలుచును. మీట నొక్కని కాలమును పని యనవలెనా, విరామ మనవలెనా యను ప్రశ్నకు ఒక్కొక్క సాధనము ఒక్కొక్క సమాధానమును, తఱచుగా పైకి చెప్పకయే, తనలో దాచుకొని యున్నది. సాధనముల గుణదోషములను నిర్ణయించునది వాటి రంగురంగుల పటములు కావు, ఆ దాచుకొన్న సమాధానమే యని నా అభిప్రాయము.

శ్రమను గడియారముతో కొలుచుట మన కాలమున పుట్టినది కాదు. ఫిలడెల్ఫియాలోని మిడ్‌వేల్ ఉక్కు కర్మాగారమున 1880ల నాడే ఫ్రెడరిక్ టేలర్ స్టాప్‌వాచి చేతబట్టి కార్మికుల కదలికలను కొలువసాగెను. ఆయన తన సిద్ధాంతమును గ్రంథముగా ప్రకటించిన 1911లోనే, మసాచుసెట్స్‌లోని వాటర్‌టౌన్ ఆయుధాగారమున అచ్చు పోయు కార్మికులు ఆ గడియారమును సహింపక పని విడిచి బయటికి నడచిరి. అయినను, వారి యెడ గడియారము ఎంత క్రూరమైనదైనను, చేతి కదలికకును తయారగు వస్తువునకును అచ్చట ఒక సంబంధము కలదు. ప్రోగ్రామరు విషయమున ఆ సంబంధమే సందేహాస్పదము. ఐబీఎం వారి ఓఎస్/360 నిర్మాణమునకు నాయకత్వము వహించిన ఫ్రెడరిక్ బ్రూక్స్, మనుష్యుల సంఖ్యను నెలల సంఖ్యతో గుణించి పనిని అంచనా కట్టుట భ్రాంతి యని 1975లో ఒక గ్రంథమే వ్రాసెను. ఆపిల్ సంస్థలో లీసా కంప్యూటరు తయారగుచున్న 1982లో, ఇంజనీరులు వారమునకు ఎన్ని పంక్తులు వ్రాసిరో ఒక ఫారములో నింపవలెనని మేనేజరులు నియమము పెట్టగా, బిల్ ఆట్కిన్‌సన్ అను ఇంజనీరు అంతకు ముందే, తెరపై బొమ్మలు గీయు క్విక్‌డ్రాలోని ఒక భాగమును సరళముగా తిరిగి వ్రాసి, వేగమును హెచ్చించి, రెండు వేల పంక్తులు తగ్గించి యుండెను గనుక, ఆ గడిలో ఋణ చిహ్నము పెట్టి 2000 అని వ్రాసెను. కొన్ని వారముల పిదప ఆయనను ఆ ఫారము అడుగుటయే మానిరని ఆయన సహోద్యోగి ఆండీ హెర్ట్స్‌ఫెల్డ్ చెప్పియున్నాడు.

పంక్తులు పనికిరావని తేలిన పిదప కాలము మిగిలెను. కాలమును కొలువవలెనని మనఃపూర్వకముగా నమ్మి, ఆ నమ్మకమును ఒక శాస్త్రముగా నిర్మింపబూనినవాడు వాట్స్ హంఫ్రీ. చిరకాలము ఐబీఎంలో పనిచేసి, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున గల సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ ఇన్‌స్టిట్యూటులో చేరిన ఈ మహాశయుడు 1995లో ప్రకటించిన గ్రంథము ద్వారా వ్యక్తిగత సాఫ్ట్‌వేర్ విధానమను పద్ధతిని ప్రచారమునకు తెచ్చెను. ప్రతి ప్రోగ్రామరును ఒక పట్టిక దగ్గఱ పెట్టుకొని, పని మొదలుపెట్టిన సమయము, ముగించిన సమయము, నడుమ వచ్చిన అంతరాయముల నిమిషములు, అవి తీసివేయగా మిగిలిన నిమిషములు, అది ప్రణాళికయా, రూపకల్పనయా, కోడు వ్రాయుటయా, కంపైలు చేయుటయా, పరీక్షయా యను వివరము, ఈ క్రమమున తన చేతితో వ్రాసికొనవలెను. ఫోను మ్రోగినను, మిత్రుడు వచ్చి పలుకరించినను, ఆ నిమిషములు అంతరాయపు గడిలో పడవలెను. ఇందలి గొప్పతనము, నేటి ప్లగిన్లలో ఒక్కదానికిని లేని గొప్పతనము, ఏమనగా, మౌనమునకు అర్థము చెప్పు అధికారము పనిచేయువానికే ఉండుట: కిటికీ వైపు చూచుచు పావుగంట కూర్చున్నవాడు అది రూపకల్పన యని తానే వ్రాసికొనవచ్చును, ఊరక కూర్చుంటినని నిజాయితీతో ఒప్పుకొనవచ్చును.

కాని మానవుడు అంత నిష్ఠతో పట్టిక నింపునా? హవాయి విశ్వవిద్యాలయమునకు చెందిన ఆన్ డిస్నీ, ఫిలిప్ జాన్సన్ అను పరిశోధకులు ఈ పద్ధతిని నేర్చిన విద్యార్థుల పట్టికలను పరిశీలించి, పదిహేను వందలకు మించిన తప్పులను లెక్కించి, 1998లో ప్రకటించిరి. కూడికలలో తప్పులు, ఒక కాగితము నుండి మఱియొక కాగితమునకు ఎక్కించుటలో తప్పులు, అసలు వ్రాయుటయే మఱచిన గడులు! పని చేయుచు పనిని గూర్చి వ్రాయుట, వ్రాయుచున్నందున పని చెడుట అను ఈ ఇబ్బందిని తప్పించుటకు జాన్సన్ బృందము 2001 ప్రాంతమున హాకీస్టాట్ అను సాధనమును నిర్మించెను. ఈమాక్స్ మొదలగు ఎడిటరులలో చిన్న సెన్సారులను అమర్చి, ప్రోగ్రామరును ఏమియు అడుగక, ఏ ఫైలు ఎప్పుడు మాఱినదో వాటంతట అవియే సర్వరునకు చెప్పునట్లు చేయుటయు, కాలమును ఐదేసి నిమిషముల ఖండములుగా లెక్కించుటయు అందలి విశేషములు. నేటి ప్లగిన్లకు మూలపురుషుడెవ్వడని అడిగిన, నేను హాకీస్టాట్‌నే చూపుదును. ఆ పేరు ఎఱిగిన ప్రోగ్రామరులు మాత్రము నేడు అరుదు. చేతితో వ్రాయు సంప్రదాయము అంతటితో నశింపలేదు. ఈమాక్స్‌లోని ఆర్గ్‌మోడ్‌లో పని మొదలిడునపుడు గడియారమును ఆన్ చేసి, ముగించునపుడు ఆపుకొను నిష్ఠాపరులు నేటికిని కలరు. వారిని చూచిన నాకు గౌరవమే గాని అనుకరింపవలెనను బుద్ధి పుట్టదు.

ఇప్పుడు సర్వత్ర వాడుకలో నున్న వాకాటైమ్‌ను 2013లో ఆలన్ హామ్లెట్ ప్రారంభించెను. దీని ప్లగిన్లు బహిరంగ మూలముగా దొరకును గనుక, ఇది లోపల చేయుచున్న పని ఎవ్వరైనను చదివి చూడవచ్చును. ప్రోగ్రామరు ఫైలులో ఏదేని మార్చినపుడో, కర్సరు కదపినపుడో, సేవ్ చేసినపుడో ప్లగిన్ మేలుకొనును. అదే ఫైలులో రెండు నిమిషముల లోపున మఱల మఱల మేలుకొల్పినచో పట్టించుకొనదు. రెండు నిమిషములు దాటినను, వేఱు ఫైలునకు పోయినను, సేవ్ చేసినను హార్ట్‌బీట్ అను ఒక చిన్న సందేశమును సర్వరునకు పంపును. ఆ హార్ట్‌బీట్‌తో కూడ ఫైలు పేరు, ప్రాజెక్టు పేరు, గిట్ బ్రాంచి, భాష, పంక్తి సంఖ్య పోవును. కోడు మాత్రము పోదు. ఇంటర్నెట్ లేనపుడు హార్ట్‌బీట్లు కంప్యూటరులోనే వరుసగా నిలిచియుండి, కనెక్షను రాగానే బయలుదేరును. అంతకు మించి ప్లగిన్‌కు ఏమియు తెలియదు. అది గంటలను కొలువదు; క్షణములను గుర్తు పెట్టును. గంటలు పుట్టునది సర్వరులో, ఆ క్షణముల నడుమ గల ఖాళీలను ఒక నియమము ననుసరించి పూరించుట వలన.

ఆ నియమము ఎట్టిదో ఒక చిన్న లెక్క వేసి చూతము. ఒకానొక ప్రోగ్రామరు పంపిన హార్ట్‌బీట్లు 10:00, 10:02, 10:09, 10:31 అనుకొందము. రెండు హార్ట్‌బీట్ల నడుమ పదిహేను నిమిషములకు మించని ఖాళీని పనిగా నెంచవలెనని నియమము పెట్టినచో, 10:00 నుండి 10:09 వఱకు తొమ్మిది నిమిషములు వచ్చును, ఆ పిమ్మటి ఇరువదిరెండు నిమిషములు పోవును, 10:31 నాటి ఒంటరి హార్ట్‌బీట్ సున్నగా మిగులును. గడువును ఐదు నిమిషములకు తగ్గించినచో పని రెండు నిమిషములే. అరగంటకు పెంచినచో ముప్పదియొక్క నిమిషములు. మనిషి ఒక్కడే, ఉదయము ఒక్కటే; రెండు, తొమ్మిది, ముప్పదియొకటి అను మూడంకెలలో ఏది సత్యమో చెప్పగల ఆధారము హార్ట్‌బీట్లలో లేదు. పదిహేను నిమిషములు వాకాటైమ్ తనంతట పెట్టుకొనిన గడువు. కావలసినవారు మార్చుకొనవచ్చును గాని మార్చుకొనువారు తక్కువ. కంప్యూటరుపై జరుగు సమస్తమును ఆ కంప్యూటరులోనే నమోదు చేయు యాక్టివిటీవాచ్, మీటగాని మౌసుగాని మూడు నిమిషములు కదలకున్నచో మనిషి లేచి పోయెనని నిర్ణయించును. డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయము వారి వాచ్‌డాగ్ అను పరిశోధక ప్లగిన్ 16 సెకండ్లకే పనిని ఆగినట్లు వ్రాసికొనెను. పదునాఱు సెకండ్లెక్కడ, పదిహేను నిమిషములెక్కడ! వీటిలో ఏదియు తప్పు కాదు. ఒక్కొక్కటి ఒక్కొక్క ప్రయోజనమునకై నిర్ణయించుకొనిన కట్టుబాటు. కట్టుబాటును మఱచి అంకెను మాత్రము చేతబట్టుకొని, నేను మొన్నటికంటె నిన్న నలువది నిమిషములు ఎక్కువ పని చేసితినని సంతసించువాడు, గడువు మార్చినచో ఆ సంతోషము తలక్రిందులు కావచ్చునని గమనింపడు.

మౌనము వ్యర్థము కాదనుటకు ప్రమాణము లున్నవి. స్విట్జర్లండులోని లుగానో విశ్వవిద్యాలయమున రాబర్టో మినెల్లి, ఆంద్రేయా మొచ్చి, మికేలె లాంజా యను వారు ఫారో అను ప్రోగ్రామింగు వాతావరణములో ప్రతి కదలికను సూక్ష్మముగా నమోదు చేసి, ప్రోగ్రామరుల కాలమున సుమారు 70 శాతము కోడును అర్థము చేసికొనుటకే పోవుచున్నదని 2015లో నిర్ణయించిరి. చైనాలో షిన్ షియా ప్రభృతులు 78 మంది వృత్తి ప్రోగ్రామరుల 3,148 పనిగంటలను పరిశీలించి, ఆ భాగము దాదాపు 58 శాతమని 2018లో ప్రకటించిరి. అందులోను కొంత భాగము ఎడిటరులో గాక బ్రౌజరులోను, పత్రములలోను గడచుచున్నదని చూపిరి. ఈ రెండు అంకెలకు నడుమ భేదము కొలిచిన తీరును బట్టి కలిగినది కావచ్చును గాని, తాత్పర్యము ఒక్కటే. ఎవ్వరో ఆఱేండ్ల క్రిందట వ్రాసి విడిచిపోయిన ఫంక్షనును నాలుగు పర్యాయములు చదివి, స్టాక్ ఓవర్‌ఫ్లోలో వెదకి, ప్రక్క కుర్చీలోని అన్నను పిలిచి "ఇది ఎందుకు ఇట్లా రాసిండ్రు?" అని అడిగి, తుదకు ఒక్క పంక్తిలో ఒక్క షరతును మార్చినవాని పనిలో, ఎడిటరు ప్లగిన్ చూడగలిగినది ఆ తుది పంక్తిని మాత్రమే. చదువుచున్నపుడు కర్సరు కదలినచో కొంత అందును; కదలకున్నచో ఏమియు అందదు. ఇట్టి లెక్కను బట్టి ప్రోగ్రామరు శక్తిని నిర్ణయించుట, తూము వద్ద పాఱిన నీటిని కొలిచి గాదెలోని ధాన్యము ఇంత యని చెప్పుట వంటిది.

అట్లని ఈ సాధనములను త్రోసివేయుట నా ఉద్దేశము కాదు. మనిషి తన కాలమును గూర్చి తాను చెప్పుకొను మాటలు వీటి అంకెలకంటెను అవిశ్వసనీయములు. ఇందాక పేర్కొనిన వాచ్‌డాగ్‌ను మోరిట్జ్ బెల్లర్ మొదలగువారు 416 మంది ప్రోగ్రామరుల ఎడిటరులలో నడిపి 2015లో ఫలితములను వెల్లడించిరి. మీ కాలములో ఎంత భాగము టెస్టులకు పోవునని ముందుగా అడిగినపుడు, సగమని వారు చెప్పిరి; ప్లగిన్ చూచినది నాలుగవ వంతు. అందులోను సగముమందికి మించినవారు ఎడిటరులో టెస్టులు నడపనేలేదు. వారందఱును అబద్ధములాడిరని నేననుకొనను. చేయవలెనని నమ్మిన పనికి మనస్సు కాలమును ఎక్కువగా కేటాయించి చూపును. అయిష్టమైన పనిని కుదించి చూపును. ఇట్టి మోహమును తొలగించుటకు ప్లగిన్ చాల మంచిది. ఒక వారములో ఏ ప్రాజెక్టు ఎంత కాలము తినెను, పైథాన్ వ్రాయుచున్నానని చెప్పుకొనుచు నిజమునకు యామల్ ఫైళ్ళలోనే ఎంత సేపు తిరిగితిని, రాత్రి పన్నెండు దాటిన పిదప ఎన్ని దినములు కూర్చుంటిని, ఈ ప్రశ్నలకు అది చెప్పు సమాధానములు, గడువు ఏదైనను, పెద్దగా మాఱవు. ఏలయన అవి మొత్తమును గాక పాళ్ళను అడుగు ప్రశ్నలు. మొత్తము నమ్మదగినది కాకున్నను పాళ్ళు నమ్మదగినవిగా నుండవచ్చును. ఫ్రీలాన్సుగా రెండు మూడు సంస్థలకు పని చేయువారికి ఇది ప్రత్యక్షముగా ఉపకరించును.

అంకె ప్రోగ్రామరు చేతిలోనే యున్నంతవఱకు ఇది సాధువు. చేయి మాఱినంతనే దాని స్వభావము మాఱును. వాకాటైమ్‌లో పోటీ పట్టికలున్నవి; అపరిచితుల గంటల ప్రక్క తన గంటలను చూచుకొను కుతూహలము హానికరమని అనను గాని, దినమునకు పదునాలుగు గంటలు కోడు వ్రాసినట్లు కనబడు పేర్లను చూచి మన కుఱ్ఱవాండ్రు నిద్ర మానుట నాకు సమ్మతము కాదు. అమెరికాలోని హాక్ క్లబ్ అను సంస్థ, వాకాటైమ్ ప్లగిన్లనే వాడుకొను హాకటైమ్ అను తన సర్వరును నెలకొల్పి, ఉన్నత పాఠశాల విద్యార్థులు ప్రాజెక్టులపై గడపిన గంటలను లెక్కించి బహుమతులకు ముడిపెట్టుచున్నది. పిల్లలచేత సొంతముగా ఏదో ఒకటి చేయింపవలెనను ఆశయము ప్రశంసనీయమే. అయినను హార్ట్‌బీట్ అనునది సర్వరునకు పంపు ఒక చిన్న సందేశమే గదా. దానిని ప్లగిన్ పంపినదో, నాలుగు పంక్తుల స్క్రిప్టు పంపినదో సర్వరునకు తెలియు మార్గము స్వల్పము. ఆ స్క్రిప్టు వ్రాయుటయు ప్రోగ్రామింగే యని ఒక చమత్కారి అనవచ్చును.

అధికారము చేతిలో నున్నవారికి అంకె చేరినపుడు ఈ చమత్కారము మిగులదు. అప్‌వర్క్‌లో గంటల లెక్కన పనిచేయు మన ఫ్రీలాన్సరులకు వర్క్ డైరీ సుపరిచితము: ప్రతి పది నిమిషములకు ఒక స్క్రీన్‌షాటు, నొక్కిన మీటల సంఖ్య, క్లయింటు కంటికి. అచ్చట ఆలోచించుటకు కూడ మౌసు కదపుచు ఆలోచింపవలెను. 2024లో వెల్స్ ఫార్గో బ్యాంకు, కీబోర్డు కదలికలను కృత్రిమముగా సృష్టించి పనిలో నున్నట్లు భ్రమ కలిగించిరని డజనుకు మించిన ఉద్యోగులను తొలగించెను. వారి చర్యను సమర్థింపను. కాని మౌసును ఊరక కదపు యంత్రము అంగడిలో అమ్ముడుపోవు రోజు వచ్చినదనగా, కొలుచువారు కదలికనే పనిగా నెంచుచున్నారని ముందే తేలిపోయెను. మన దేశమున 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టము సమ్మతిని మూలసూత్రముగా నిలిపినను, ఉద్యోగ ప్రయోజనములకును, యజమానిని నష్టమునుండి కాపాడుటకును సమ్మతి లేకయే సమాచారమును వాడుకొనుటకు 7వ సెక్షనులో అవకాశము విడిచినది. మీటల లెక్క ఆ ప్రయోజనములలో ఎంతవఱకు చేరునో వాదింపవలసిన స్థలము ఇంకను మిగిలియే యున్నది.

ఇందు ప్లగిన్ వాడువారు స్వయముగా చేసికొనదగిన రక్షణ కొంత కలదు. కోడు పోకున్నను పేర్లు పోవుచున్నవని మఱువరాదు. ఒక బ్రాంచి పేరులో క్లయింటు పేరును, ఇంకను ప్రకటింపని ఉత్పత్తి పేరును ఉండవచ్చును. వాకాటైమ్ కాన్ఫిగ్ ఫైలులో ఫైలు పేర్లను, ప్రాజెక్టు పేర్లను కప్పిపుచ్చు అమరికలు, కొన్ని ఫోల్డరులను అసలే చూడవద్దని చెప్పు అమరికలు కలవు. అంతటితో తృప్తి పడనివారు వాకపీ యను బహిరంగ మూల సర్వరును తమ యంత్రములో నడపుకొని, ప్లగిన్‌ను దానివైపు త్రిప్పవచ్చును. కార్యాలయపు కోడు తెఱచిన లాప్‌టాప్‌లో ఇట్టి ప్లగిన్ పెట్టుకొనుటకు ముందు సంస్థ నియమములు చదువుకొనుట మేలు.

ఇంతలో ప్రశ్న స్వరూపమే మాఱుచున్నది. కృత్రిమ మేధ సహాయకులు ఎడిటరులో ప్రవేశించిన పిదప, ప్రోగ్రామరు నాలుగు వాక్యములు వ్రాసి కూర్చున్నచో ఫైళ్ళు వాటంతట అవియే మాఱుచుండును; మీట నొక్కనిది మనిషి, పంక్తులు పెరుగుచున్నది ప్రాజెక్టులో. యంత్రము వ్రాసిన పంక్తులను, మనిషి వ్రాసిన పంక్తులను వేఱుగా చూపుటకు వాకాటైమ్ ఇటీవల యత్నించుచున్నది. కాని మనిషి ఆ సమయమున ఏమి చేయుచున్నాడు? 2025లో మెటర్ అను పరిశోధన సంస్థ, తమ ప్రాజెక్టులతో చిరపరిచయముగల 16 మంది బహిరంగ మూల ప్రోగ్రామరుల 246 పనులను తీసికొని, కొన్నింట ఈ సహాయకులను అనుమతించి, కొన్నింట నిషేధించి చూచెను. పని 24 శాతము త్వరగా ముగియునని వారు ముందు ఊహించిరి. ముగిసిన పిదప 20 శాతము త్వరగా ముగిసినదని నమ్మిరి. వాస్తవమునకు 19 శాతము ఆలస్యమయ్యెను. ఆ ఆలస్యము ఎందు పోయినదో కనుగొనుటకు హార్ట్‌బీట్లు చాలలేదు. పరిశోధకులు నూఱు గంటలకు మించిన స్క్రీన్ రికార్డింగులను ముందు పెట్టుకొని, మనుష్యులచేతనే చూపించి, ఇచ్చట సహాయకుని అడుగుచున్నాడు, ఇచ్చట జవాబు కొఱకు వేచియున్నాడు, ఇచ్చట అది వ్రాసినదానిని చదువుచున్నాడు, ఇచ్చట ఊరకున్నాడు అని ఖండఖండముగా వ్రాయించవలసి వచ్చినది.